బంధితులను విడిపించిన శంకరన్ గారు
(శ్రీరాంపూర్‌లో చేసిన ప్రసంగ పాఠము)



దాస్యము, విమోచన అనగానే మనకు ఐగుప్తు, ఫరో, మోషే జ్ఞాపకము వస్తారు. అమెరికాలో హారియట్ టబ్మన్ అనే స్త్రీ తాను దాస్యము నుండి తప్పించుకొని, మరల మరల వెనుకకు వెళ్ళి తనవారిని విడిపించుకొని వచ్చిన సంగతి మీలో కొందరు చదివియుంటారు. మన తెలుగు నేల మీద అటువంటి పనికి పూనుకొన్న ఒకరిని గూర్చి నేడు మనవి చేస్తాను. ఆయన ఎస్.ఆర్. శంకరన్ గారు. 1934లో తమిళనాట జన్మించి, ఐ.ఎ.ఎస్. అధికారిగా ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసి, 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

మన పల్లెలలో దాస్యానికి ఇనుప సంకెళ్ళు అక్కరలేకపోయింది, అప్పు చాలింది. పెండ్లికో జబ్బుకో తెచ్చిన కొద్ది రూపాయలకు తండ్రి జీతముండేవాడు. వడ్డీ తీరదు, లెక్క దొర చేతిలో ఉంటుంది. తండ్రి తరువాత కొడుకు అదే గడపలో చేరేవాడు. మన సంఘములలో కూడా అటువంటి తాతల మనుమలున్నారు.

1975 అక్టోబరు 25న ఆర్డినెన్సు వచ్చింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టమైంది. ఆ చట్టము పేర్కొన్న పద్ధతులలో భగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్నీ ఉన్నాయి. బంధనపు అప్పు రద్దయింది. వసూలుకు దావా వేయరాదు. విడుదలైనవానిని గుడిసె నుండి వెళ్ళగొట్టరాదు. వెట్టి చేయించినవానికి 3 సంవత్సరముల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జుల్మానా. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసినది అప్పు ఇచ్చినవాడే.

అయితే జీతగాడు గెజిట్ చదువగలడా? అందుకే సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన శంకరన్ గారు తానే పల్లెలకు వెళ్ళి, వాడలలో కూర్చుండి, "మీ అప్పు పోయింది, మీరు స్వతంత్రులు" అని నేరుగా చెప్పేవారు. ఇది పైవారికి రుచించలేదు. ఆయన మాట మార్చుకోలేదు. తరువాత త్రిపురలో నృపేన్ చక్రవర్తి గారి ప్రభుత్వానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు.

బొగ్గుగని కార్మికులు మరొక సంగతి తెలిసికొనవలెను. 1971-73లో దేశములోని ప్రైవేటు బొగ్గు గనులను జాతీయము చేసినప్పుడు, కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం గారి ప్రత్యేక సహాయకుడు ఈయనే. మన సింగరేణి అప్పటికే ప్రభుత్వ కంపెనీ.

ఆయన పెండ్లి చేసికొనలేదు. తన సంపాదనతో బీద పిల్లలను చదివించారు. పదవీ విరమణ తరువాత, చేతితో మలము ఎత్తే పనిని మాన్పించుటకు బెజవాడ విల్సన్ గారితో కలిసి నడిచారు. పద్మభూషణ్ ఇవ్వజూపితే వద్దన్నారు.

ప్రియులారా, విడుదల పత్రము చేతికిచ్చినంతనే విమోచన పూర్తి కాదు. మూడవ దినమున పొయ్యి వెలగకపోతే విడుదలైనవాడు మరల దొర గడపకే వెళ్తాడు. ఇశ్రాయేలీయులకు సముద్రము దాటిన తరువాత కూడా మన్నా అవసరమైంది గదా! కూలి, భూమి, పిల్లలకు బడి, ఇవి కూడా విమోచనలో భాగములే.

నేడు ఇటుక బట్టీలకు ఒడిశా నుండి అడ్వాన్సు తీసికొని కుటుంబాలు వస్తున్నాయి. అందరూ బంధితులని నేను అనను. "మీకు ఇష్టము లేకపోతే రేపు వెళ్ళిపోగలరా? మీ కూలి లెక్క మీకు తెలుసునా?" అని వారిని అడుగుడి. వెళ్ళలేమంటే ఆ సంగతి కలెక్టరు గారికి తెలియజేయుడి. శంకరన్ గారి పని కూడా అలాగే, వాడలో కూర్చుండి అడుగుటతోనే సాగింది.