కోటయ్య చూపిన చోటు

బార్ మిత్రులు మా సీనియరు గారి పేరిట మాట్లాడమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన పాండిత్యం మీ అందరికీ తెలుసు. నాకు గుర్తున్నది వేరు. సెషన్సు కేసున్న రోజు వాదన ముగిసేదాకా ఆయన అన్నం ముట్టేవారు కాదు. సాయంత్రం వేపచెట్టు కింద క్యారియరు విప్పుతూ, ‘సాక్ష్య చట్టం 27వ సెక్షన్ సంగతి ఎప్పుడు తేలుస్తావోయ్?’ అనేవారు. ఇవాళ ఆ బాకీ గురించే చెబుతాను.

అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, కోరిన వకీలు కావాలి, అరెస్టులపై సుప్రీంకోర్టు ఇచ్చిన డీకే బసు మార్గదర్శకాలు పాటించాలి. ఇవి మీకు కంఠతా వచ్చు. నా తగవు రాజ్యాంగం 20(3) అధికరణం చుట్టూ తిరుగుతుంది. ముద్దాయిని తనపై తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని అది చెబుతుంది; 27వ సెక్షన్ తగిలేది అక్కడే.

పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే చెల్లదన్నది పాత సాక్ష్య చట్టం. ముద్దాయి చెప్పగా వస్తువు దొరికితే, దొరకడానికి సంబంధించిన మాట వరకు చెల్లుతుందన్నది 27వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అదే మాట భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లో మినహాయింపుగా ఉంది. దాని హద్దు గీసిన తీర్పు మన గుంటూరు సెషన్సు కోర్టు నుంచి వెళ్ళిన పులుకూరి కోటయ్య కేసులోనే వచ్చింది. దాచిన చోటు, అది ముద్దాయికి తెలుసన్న సంగతి, అంతవరకే తీసుకోవాలనీ, ‘దీంతో పొడిచాను’ అన్న ముక్క కుదరదనీ 1946లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది.

మాటలో ఎంత చెల్లుతుందో అక్కడ తేలింది. ఆ మాట ఎలా వచ్చిందన్న ప్రశ్నకు రాజ్యాంగం వచ్చాక బలం పెరిగింది. 1960లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన దేవమన్ ఉపాధ్యాయ కేసులో 27వ సెక్షన్ సమానత్వానికి విరుద్ధమని రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు భిన్నతీర్పు రాశారు. మిగిలినవారు కలిసిరాలేదు. మరుసటి ఏడాది కాఠీ కాలూ ఓఘడ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వచ్చింది. కస్టడీలో ఉన్నంత మాత్రాన బలవంతం జరిగిందనుకోరాదు, అది కేసుకేసుకూ తేలాల్సిన సంగతి అంది మెజారిటీ. నేను ఒప్పుకోనిది ఇదే. తలుపు వేసిన గదిలో ఏం జరిగిందో ముద్దాయి ఎవరిచేత చెప్పించగలడు? 1978లో నందినీ సత్పతి కేసులో కృష్ణయ్యర్ గారు బలవంతమంటే కొట్టడమే కాదు, మానసికమైన ఒత్తిడి కూడా అన్నారు. కానీ అది ముగ్గురి ధర్మాసనం. 11 మంది మాటను దాటలేదు. 2010 సెల్వీ తీర్పు ముద్దాయి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష చేయకూడదంది. సూదిమందు నుంచి ఇచ్చిన రక్షణ లాఠీ నీడ నుంచి ఎందుకు లేదు?

ఇలాగైతే హంతకులు తప్పించుకుంటారని ప్రాసిక్యూటరు మిత్రులంటారు. కత్తిని పారేయమని నేననడం లేదు. దాని మీది రక్తం, వేలిముద్రలు మాట్లాడనివ్వండి. ముద్దాయి మాట కూడా కావాలంటే, అది ఇష్టపూర్వకంగా వచ్చిందని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి, వకీలు ఎదుట చెప్పించి ఉండాలి. 2022లో సుబ్రమణ్య తీర్పు, వస్తువు దొరికేటప్పుడు సాక్షులుగా ఉండే మధ్యవర్తుల విషయంలో గట్టిగా మాట్లాడింది. అది చాలదు.

అందుకే ఇప్పుడు మన జిల్లా కోర్టుల పాత మధ్యవర్తినామాలు పోగుచేసి చదువుతున్నాను. ఊళ్ళు వేరు, ముద్దాయిలు వేరు. మాట ఒక్కటే: ‘నా వెంట వస్తే చూపిస్తాను.’ అక్షరం ముక్క రాని కూలీ నోట ఆఫీసు తెలుగు వస్తోంది. మీ బీరువాల్లో అలాంటి నకళ్ళుంటే పేర్లు కొట్టేసి నాకివ్వండి. ఎన్ని పాతవైనా సరే.