భవానీ ద్వీపానికి బయల్దేరే ముందు

కార్తీకం వచ్చిందంటే విజయవాడ ఇళ్లలో వనభోజనాల ముచ్చట మొదలవుతుంది. వెంటనే గుర్తొచ్చేది భవానీ ద్వీపం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ నడుమ, 130 ఎకరాలకు పైగా పరుచుకున్న లంక అది. అక్కడికి పడవే దారి. అందుకని మనకు సెలవు దొరికితే చాలదు, నదికీ వీలు కుదరాలి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎగువ నుంచి వరద వస్తుంటుంది. బ్యారేజీ గేట్లెత్తి నీళ్లు వదిలే రోజుల్లో పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటి, లంక మునిగింది. ఆ నెలల్లోనైతే బోటింగ్ కేంద్రంలో కనుక్కున్నాకే కదలండి. ఇక మే నెల బెజవాడ ఎండలో షికారంటారా, నేనైతే వద్దంటాను.

భవానీపురంలో బెరం పార్కు దగ్గర పడవెక్కొచ్చు. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయింది ఈ నదిలోనే. పిల్లలకు తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాకా జారివస్తే అది వదులు, మార్పించండి.

పులిహోర, పెరుగన్నం, మంచినీళ్లు వెంట ఉంచుకోండి. కార్తీక ఆదివారాల్లో క్యూ పెద్దది, మామూలు రోజైతే హాయి. లంకలో దిగగానే ఆఖరి పడవ ఎన్నింటికో అడిగి, ఆ తర్వాతే చాప పరవండి.