లూప్ నుంచి ఫ్యాబ్రిక్‌కు



నా ఉద్యోగమంతా స్టోరేజీ నెట్‌వర్కులతోనే గడిచింది. అందుకే నాకు బాగా తెలిసిన ఒక్క పని గురించే మాట్లాడతాను: సర్వర్లను డిస్కులతో కలిపే ఫైబర్ ఛానల్‌ను లూప్ నుంచి స్విచ్‌ల ఫ్యాబ్రిక్‌కు మార్చడం.

1990ల చివర్లో చాలాచోట్ల సర్వర్లు, డిస్కులు వలయంలా కలిపిన ఒకే దారిలో, అంటే లూప్‌లో ఉండేవి. ఒక్కో లూప్‌లో 126 పరికరాలు పట్టేవి. దారి మాత్రం ఒక్కటే, సెకనుకు 100 మెగాబైట్లు. రెండు పరికరాలు మాట్లాడుకుంటుంటే మిగతావి వంతు కోసం ఆగాలి. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఎవరో ఒక సర్వర్‌ను రీబూట్ చేస్తే లూప్ మొత్తం మళ్లీ ఇనీషియలైజ్ అయ్యేది. డిస్కు పనులు కాసేపు ఆగి తేరుకునేవి. టేపు అంత సులువుగా తేరుకోదు. రాత్రంతా నడవాల్సిన బ్యాకప్ మధ్యలోనే పోయేది.

అలాగని లూప్ కట్టినవాళ్లను తక్కువ చేయకండి. అప్పట్లో లూప్‌ను కలిపే హబ్ చవక, స్విచ్ పోర్టు ఖరీదు. ఉన్న డబ్బుతో వాళ్లు మంచి పనే చేశారు.

స్విచ్ వచ్చాక ప్రతి పోర్టుకూ పూర్తి వేగం దక్కింది. ఒక పరికరం వచ్చినా పోయినా, ఎవరు ఎవరిని చూడొచ్చో నిర్ణయించే జోనింగ్ సరిగ్గా ఉంటే ఆ కబురు దాని జోన్‌లోని వాళ్లకే వెళ్తుంది.

కేబుల్ మార్చడం తేలికే. చిక్కంతా చిరునామాల దగ్గర. ఫ్యాబ్రిక్‌లో చిరునామా 24 బిట్లు, లూప్‌లో వాడిన 8 బిట్ల చిరునామా అక్కడ చెల్లదు. హెచ్‌పీ-యూఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పాత సర్వర్లలో డిస్కు పాత్ ఆ చిరునామా మీదే ఆధారపడేది. కేబుల్ స్విచ్‌లో పెట్టగానే పాత్ మారిపోయేది. డేటా క్షేమంగానే ఉన్నా, డిస్కులను కలిపి వాడే వాల్యూమ్ గ్రూపుకు తన డిస్కులు దొరికేవి కావు. అందుకే ముందు ఆ గ్రూపును ఎక్స్‌పోర్ట్ చేసి, మార్పు అయ్యాక ఇంపోర్ట్ చేసేవాళ్లం. ఎటు మార్చినా మారనిది పరికరంతో పాటే వచ్చే 64 బిట్ల వరల్డ్ వైడ్ నేమ్. ముందురోజు కూర్చుని ఆ నేమ్‌లన్నీ ఒక్కొక్కటిగా రాసిపెట్టుకునే మనిషంటే నాకు ఎంతో గౌరవం. ఆ పని ఎవరికీ కనబడదు, కానీ మర్నాడు జోన్లన్నీ దాని మీదే నిలుస్తాయి.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు ఉద్యోగంలో లూప్ ఎదురుకాకపోవచ్చు. నడుస్తున్న వ్యవస్థను ఆపకుండా మార్చే పని మాత్రం తప్పక వస్తుంది. దాని మీద ఆసుపత్రి రికార్డులో, బ్యాంకు ఖాతాలో నడుస్తుంటాయి. రెండు దారులుంటే ముందు ఒకటే మార్చండి. దాని మీద డేటా నడుస్తోందని మీ కళ్లతో చూసుకోండి. వెనక్కి వెళ్లే దారి కాగితం మీద రాసి ఉందో లేదో చూడండి. ఆ తర్వాతే రెండో కేబుల్ మీద చెయ్యి వేయండి.