అరెస్టుకు కారణము – బెయిలుకు మార్గము



ఉత్సవసభలో అరెస్టును గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని బదిలీలపై దేశమంతయు తిరుగు మనకు ఈ విషయముతో పని గలదు. 1965 నాటి సర్వీసు నిబంధనలలో పదవదాని ప్రకారము 48 గంటలకు మించి నిర్బంధములో నున్న కేంద్రోద్యోగి, నేరము రుజువు కాకున్నను, సస్పెండైనట్లే లెక్క. కావున ఆ తొలి రెండు దినములలో ఏమి అడుగవలయునో ఇంటివారు ఎరిగియుండవలెను.

రాజ్యాంగములోని 22వ అధికరణము అరెస్టైన వానికి కారణములను తెలుపుమనియు, ప్రయాణకాలము పోగా 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపుమనియు శాసించుచున్నది. ఫలానా సెక్షను అనుట కారణము చెప్పుట కాదు. అతడేమి చేసెనని అనుమానమో ఆ సంగతి చెప్పవలెను.

ఏ భాషలో? మనకు ముఖ్యమైన ప్రశ్న ఇదియే. 1962లో సుప్రీంకోర్టు ముందునకు హరికిషన్ కేసు వచ్చినది. ముందుజాగ్రత్త చట్టము క్రింద నిర్బంధింపబడిన ఆయనకు కారణములను ఇంగ్లీషులో ఇచ్చిరి. తనకు ఆ భాష రాదనియు, హిందీలో ఇప్పింపుడనియు ఆయన కోరెను. నోటిమాటగా అనువదించి చెప్పితిమి, చాలునని అధికారులు బదులిచ్చిరి. చాలదని కోర్టు ఆయనను విడిపించినది. సాధారణ నేరములకు సహితము ఈ రక్షణ స్పష్టమగుటకు చాలకాలము పట్టినది. అన్ని నేరములలోను కారణములను అరెస్టైన వానికి తెలిసిన భాషలో వ్రాసి ఇయ్యవలెననియు, తక్షణము వీలుకానిచో నోట చెప్పి, రిమాండునకు హాజరుపరచుటకు కనీసము రెండు గంటల ముందైనను ఇయ్యవలెననియు, లేనిచో అరెస్టు, రిమాండు చెల్లవనియు 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అదే సంవత్సరము ఫిబ్రవరిలో రోహతక్ ఆసుపత్రిలో మంచమునకు గొలుసుతో కట్టబడిన యొక ముద్దాయి కేసు వచ్చినది. భార్యకు కబురు పంపితిమని పోలీసువారు వాదించిరి. అరెస్టు కబురు వేరు, అరెస్టునకు కారణము వేరు అని కోర్టు త్రోసివేసినది. కారణము చెప్పితిమని రుజువు చేయు భారము పోలీసులదే. అది తప్పినచో, బెయిలుపై చట్టములో కఠినమైన ఆంక్షలున్నను, బెయిలు ఇయ్యవచ్చును.

ఇది దొంగలకు దొరికిన సందని కొందరందురు. నేను ఒప్పుకొనను. విడుదలతో కేసు పోదు, అభియోగపత్రము నిలుచును, సరియైన పద్ధతిలో మరల అరెస్టు చేయవచ్చును.

రాని భాషలోని కాగితముపై సంతకము చేయవలసివచ్చినచో, "ఈ భాష నాకు రాదు" అని తెలుగున వ్రాసి, దాని క్రింద సంతకము చేయుడు.