వ్యాపారం, దానం, మన సంఘం
(శంషాబాద్ ప్రాంత పాల ఉత్పత్తిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా తరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన శ్రీ గ్రంధి మల్లికార్జునరావు గారిని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. జి.ఎం.ఆర్. అన్న మూడక్షరాలు తెలియని ఇల్లు శంషాబాద్ చుట్టుపక్కల ఉండదు.

ఆయన 1950లో రాజాంలో జన్మించారు. 1978లో జూట్ మిల్లుతో ప్రారంభించి బ్యాంకింగ్, విద్యుత్తు, రహదారులు, విమానాశ్రయాల వరకు వెళ్ళారు. ఇక్కడి విమానాశ్రయానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుండి బేగంపేటలో దిగే ప్రయాణికుల విమానాలు ఇక్కడ దిగసాగాయి.

సంపాదించినవారు చాలామంది ఉన్నారు, పంచినవారు కొద్దిమంది. ఆయన 1991లో వరలక్ష్మి ఫౌండేషన్ స్థాపించారు. 1997లో రాజాంలో ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 2011లో సుమారు 1,540 కోట్ల రూపాయల విలువైన తన సొంత వాటాను దానధర్మాలకు కేటాయిస్తున్నట్లు ప్రకటించారు. ఈ ప్రాంతపు యువతకు ఆ ఫౌండేషన్ వృత్తి శిక్షణ ఇస్తున్నది. మన పిల్లలు దానిని తప్పక వినియోగించుకోవాలి.

అయితే ఒక మాట. విమానాశ్రయానికి సేకరించిన భూమి సుమారు 5,500 ఎకరాలు. పొలం పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే పాడి పోతుంది. శిక్షణ పొందిన కొడుకు జీతం తేవచ్చును. కాని ఇంట్లో ఇల్లాలి చేతికి అందే పాల డబ్బుకు అది బదులు కాదు. దానం దాత మనసును బట్టి వస్తుంది. సంఘంలో మిగులు అలా కాదు. పోసిన పాలను బట్టి అది మన హక్కుగా వస్తుంది. పది బర్రెలున్న వారికీ, ఒక్క బర్రె ఉన్న వారికీ ఓటు ఒక్కటే.

కాబట్టి మిగిలిన చెక్కలోనే పాడి నిలుపుకుందాము. బోరు కింద పావు ఎకరమైనా హైబ్రిడ్ నేపియర్ వేయండి. నూరు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచి, తర్వాత ఆరబెట్టి మేపండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టరాదు.

ఆ చదువరి తన లాభంలో ఊరికి భాగమిచ్చారు. మన సంఘాన్ని నిలబెట్టుకునే పని మాత్రం మనదే.

సెలవు.