చూరుకు కట్టిన జొన్న కంకులు
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. అది హాస్టల్లో రోజూ చెప్పేదే. ఈ రోజు పిట్టల గురించి చెబుతాను.

నా చిన్నప్పుడు జొన్న కోత అయ్యాక మా అవ్వ నాలుగు కంకులు విడిగా కట్టి చూరుకు వేలాడదీసేది. "చేను కాడ వడిసెలతో తరిమినం. ఇంటి కాడనన్న తిననియ్యాలె" అనేది. చలికాలమంతా పిచ్చుకలు మా చూరు వదిలేవి కావు.

వార్డెన్ అయ్యాక నేనూ పిట్టలకు పెట్టాలనుకున్నాను, కానీ తెలివితక్కువగా పెట్టాను. పిల్లలు వదిలేసిన అన్నం, కూర మెతుకులు వంటగది వెనుక పోయించాను. కాకులు, గోరింకలు వచ్చాయి, పిల్లలు సంబరపడ్డారు. వానలు పడ్డాక ఆ అన్నం పులిసి ఎలుకలు చేరాయి. ఎలుకల వెనకే ఒక రాత్రి వరండాలోకి నాగుపాము వచ్చింది. పిల్లల చాపకు మూరెడు దూరం. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారాక తల్లిదండ్రులకు నేనే చెప్పాను, తప్పు నాదని. ఉప్పు, నూనె, కారం కలిసిన తిండి పిట్టలకు మంచిది కాదని కూడా తర్వాతే తెలుసుకున్నాను.

మరో తప్పు ఒక తమ్ముడిది. చెల్లెల్ని చూడటానికి ఆదివారం వచ్చి, గులేరుతో పిగిలిపిట్టను కొట్టాడు. దాని గూట్లో రెండు కూనలున్నాయి. మా ఆడపిల్లలు మెతుకులు పెట్టారు. రెండో రోజుకు రెండూ చనిపోయాయి. కూనలకు కావలసింది అన్నం కాదు, పురుగులు. గింజలు తినే పిచ్చుక కూడా తన కూనలకు పురుగులే తెచ్చి పెడుతుంది.

ఆ అబ్బాయిని నేను తిట్టలేదు. మా నాన్న కూడా వేటకు పోయినవాడే. కానీ గూడున్న చెట్టు కింద ఆయన గులేరు తీసేవాడు కాదు. ఆ సంగతి ఆ అబ్బాయికి చెప్పాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గురించీ చెప్పాను. చట్టం భయంతో మానేస్తే కొన్నాళ్లే మానేస్తారు, గూడు చూసి మానేస్తే ఎప్పటికీ మానేస్తారు.

ఇప్పుడు మా హాస్టల్లో కాలాన్ని బట్టి పెడతాం. ఎండాకాలం తిండి కన్నా నీళ్లు ముఖ్యం. వెడల్పు మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు, నిలబడటానికి మధ్యలో ఒక రాయి. రోజూ కడిగి నీళ్లు మారుస్తాం. వానాకాలం ఏమీ పెట్టం. అప్పుడు పురుగులు దండిగా ఉంటాయి, గిజిగాడు గూడు అల్లుతుంటే దూరం నుంచి చూస్తాం. చలికాలం వేపకొమ్మకు జొన్న కంకులు కడతాం. గోడకు దూరంగా, ఒక్క రోజులో తినేంతే. రాలిన గింజలు సాయంత్రం ఊడ్చేస్తాం. కోతులకు మాత్రం ఏమీ పెట్టం. అలవాటు పడితే పిల్లల చేతిలోది లాక్కుంటాయి.

అన్నింటికన్నా పెద్ద గిన్నె చెట్టే. మాఘం దాటి మోదుగ పూస్తే తేనెపిట్టలు వస్తాయి, మేడి, జువ్వి పండితే కోయిలలు వస్తాయి. వాటిని ఎవరూ కడగక్కర్లేదు, నింపక్కర్లేదు. ఇంటి వెనుక మేడి మొక్క మొలిస్తే పీకకండి.

మన చేలల్లో జొన్న తగ్గి పత్తి వచ్చింది. పత్తి వద్దని నేననను, ఫీజులు దానితోనే కడుతున్నారు. గట్టు పక్కన రెండు సాళ్లు జొన్న వేయండి. ఆ సాళ్ల మీద మందు పడనీయకండి.

చివరగా ఒక పని చెబుతాను. మా పిల్లల్ని పిట్టల పేర్లు అడిగితే పుస్తకంలోని తెలుగు పేర్లు చెప్పారు. మన భాషలో చెప్పమంటే నాలుగు దాటలేదు. పండుగకు ఇంటికి పోయినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. కనబడిన ప్రతి పిట్ట పేరూ అడిగి రాసుకోండి. పిట్ట ఉండి పేరు పోయినా నష్టమే, పేరు ఉండి పిట్ట పోయినా నష్టమే. రెండూ మిగలాలంటే అవ్వలు ఉండగానే అడగాలి.