దూలం మీది తుపాకీ



తుపాకీ జాగ్రత్తల గురించి మాట్లాడతానంటే "మాకేటి బాబూ, మా ఇంట్లో కత్తిపీటని మించిన ఆయుధం లేదు" అని మీలో చాలామంది అనుకుంటారు. నిజమే, మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తుపాకీ ఉన్న ఇల్లు అరుదు. కానీ పిల్లలు ఎప్పుడూ మన ఇంట్లోనే ఉండరు గదా. సెలవులొస్తే అమ్మమ్మగారి ఊరెళ్తారు, ఆటల్లో పడి పక్కింటి అటక కూడా ఎక్కుతారు. ఆ ఇంట్లో ఏముందో మనకి తెలీదు. అందుకే ఈ కాసేపు వినండి.

మన వైపు తుపాకీ కనిపించే ఇళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రిటైరైన జవానుల ఇళ్ళు. ఆర్మీకీ, నేవీకీ, సీఆర్పీఎఫ్‌కీ మన ఊళ్ళ నుంచి వెళ్ళేవాళ్ళు బాగా ఎక్కువ. పింఛనుతో తిరిగొచ్చాక కొందరు లైసెన్సు తీసుకుని, డబుల్ బేరల్ తుపాకీ కొనుక్కుని, బ్యాంకు గార్డుగానో ఏటీఎం డబ్బుల బండి వెంటో పని చేస్తారు. డ్యూటీ దిగాక ఆ తుపాకీ కూడా ఇంటికే వస్తుంది. రెండోది కొండవైపు ఇళ్ళు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు, అంటే 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా అయిన ప్రాంతంలో, పోడు పంట మీద పడే పందుల కోసమనీ, చైత్రమాసపు వేట కోసమనీ నాటు తుపాకీ దాచుకునే ఇళ్ళు ఉన్నాయి. దానికి లైసెన్సు ఉండదు. ఉండదు కాబట్టే బీరువాలో కాకుండా దూలం మీదో, చూరులోనో, గాదె వెనకో ఉంటుంది.

రెండు ఇళ్ళలోనూ అడిగితే ఒకటే జవాబు. "గుంటలికి అందదు లెండి, పైన పెట్టాం." లేదా, "దానికేసి చూడొద్దని గట్టిగా చెప్పేం, మా వోడు ముట్టుకోడు."

ఈ రెండు మాటల మీదా నాకు నమ్మకం లేదు. కారణం చెప్తాను. అమెరికాలోని అట్లాంటాలో కొందరు పిల్లల డాక్టర్లు ఒక పరీక్ష చేసి, 2001లో ఆ ఫలితాలు అచ్చువేశారు. ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా వయసున్న మగపిల్లల్ని ఇద్దరినో ముగ్గురినో కలిపి ఒక గదిలో ఆడుకోమని వదిలారు. అలా 29 జట్లు. గదిలో సొరుగుల్లో బొమ్మ నీటి పిస్తోళ్ళు, వాటితోపాటు పేలకుండా చేసిన ఒక అసలు పిస్తోలు పెట్టారు. అద్దం చాటు నుంచి చూస్తూ కూర్చున్నారు. పావుగంటలో 21 జట్లు అసలుదాన్ని వెతికి పట్టేశాయి. 16 జట్లు దాన్ని చేత్తో తీసి పట్టుకున్నాయి. 10 జట్లలో ఎవడో ఒకడు ట్రిగ్గర్ నొక్కేశాడు. అది దొరికిన పిల్లల్లో దాదాపు సగంమంది అది బొమ్మే అనుకున్నారు, లేదా బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు. నొక్కినవాళ్ళలో, ముట్టినవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా తుపాకీ జోలికి పోవద్దని ముందే ఎవరో ఒకరు బోధించినవాళ్ళే!

కాబట్టి తల్లిదండ్రుల బోధ మంచిదే గానీ, దాని మీద బరువంతా వేయకండి. పైగా మన పిల్లలకి ట్రిగ్గర్ నొక్కడం నేర్పిందెవరు? దీపావళికి రీలు తుపాకీ కొనిచ్చి "నొక్కరా నాన్నా" అన్నది మనమే. ఇక ఎత్తు సంగతి. మామిడిచెట్టు చిటారుకొమ్మకి ఎక్కేవాడికి ఇంటి దూలం ఒక లెక్కా?

దాచడం వేరు, తాళం వేయడం వేరు. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ళు ముందుగా చేయవలసింది ఇది. ఇంటికి రాగానే, చెప్పులు విడిచేలోపే, తుపాకీ మడత విప్పి రెండు గొట్టాల్లోనూ తూటా లేదని కంటితో చూడండి, చీకటైతే వేలు పెట్టి తడిమి చూడండి. "బ్యాంకులోనే తీసేశానుగా" అన్న జ్ఞాపకం పనికిరాదు, వేలు చెప్పిందే నమ్మాలి. ఖాళీ తుపాకీని గోడకి బిగించిన ఇనప బీరువాలో పెట్టి తాళం వేయండి. ట్రిగ్గర్‌కి వేసే తాళం ఆయుధాల దుకాణంలో దొరుకుతుంది, అదీ వేస్తే మరీ మంచిది. తూటాలు అదే బీరువాలో వద్దు. వేరే పెట్టె, వేరే తాళం.

తాళంచెవి దగ్గరే మనం దెబ్బతింటాం. దేవుడి పటం వెనక, పోపుల డబ్బాలో, తలుపు వెనక మేకుకి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట్లే ఇవి. నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. తాళంచెవి మొలతాడుకో, మెడలో దారానికో ఉండాలి. లైసెన్సుదారు కాక ఇంకొకరికి అది ఎక్కడుందో తెలియనక్కర్లేదు. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అడిగేటప్పుడు ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానని రాసిస్తారు, శిక్షణ కూడా తీసుకుంటారు. 21 ఏళ్ళు నిండనివారికి లైసెన్సే ఇవ్వరు. ఆ రాసిచ్చిన కాగితం సంతకంతో సరిపెట్టుకునేది కాదని జవాను సోదరులకి నేను చెప్పక్కర్లేదు. యూనిట్‌లో ఆయుధం కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పగించి సంతకం పెట్టందే బ్యారక్‌కి వెళ్ళినవాళ్ళు కాదు మీరు. ఇంట్లో కూడా ఆ కోత్ ఒకటి కట్టుకోండి, అంతే.

తుపాకీ తుడిచేటప్పుడు పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. ఆ మాటకొస్తే తుడిచేవాడికీ ప్రమాదమే, 2024లో అమెరికాలో ఉంటున్న మన తెలుగు విద్యార్థి ఒకడు కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తూ అది పేలి ప్రాణం పోగొట్టుకున్నాడు. పెద్ద పిల్లాడు, చదువుకున్నవాడు.

ఇక నాటు తుపాకీ. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనికి పైన చెప్పిన జాగ్రత్తలు సగం కూడా అతకవు. ఫ్యాక్టరీ తుపాకీలో తూటా ఒక్క క్షణంలో బయటికి తీయొచ్చు. నాటు తుపాకీని గొట్టం మూతి నుంచి నింపుతారు. ముందు మందు పోసి, మీద పీచో గుడ్డపేలికో కూరి, రవ్వలు, అంటే చిన్న గుళ్ళు, వేసి, మళ్ళీ కూరి, చువ్వతో గట్టిగా దట్టిస్తారు. ఒకసారి దట్టించాక దాన్ని తీయడం కష్టం, తీయబోతేనే ప్రమాదం. పేల్చడం ఒక్కటే సులువు. అందుకే రాత్రి పంది రాకపోతే తుపాకీ నిండుగానే ఇంటికొస్తుంది, నిండుగానే దూలమెక్కుతుంది. సేఫ్టీ మీట ఏదీ ఉండదు. గుర్రం, అంటే ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి, దాని మీద చెయ్యి జారినా, కిందపడినా పేలవచ్చు. గొట్టం కొలిమిలో చేసిందో, ఏ నీళ్ళ పైపుతో చేసిందో, ఒక్కోసారి అది పేల్చేవాడి మొహం మీదే పగులుతుంది. దాని పక్కనే సీసాలో మందు, పొయ్యి గదికి నాలుగడుగుల దూరంలో.

పందుల కోసం మేతలో పెట్టే నాటు బాంబు ఇంతకన్నా పాపం. ఉండలా చుట్టి పిండో పండో పూసి పొలం గట్టున వదిలేస్తారు. పంది కొరికితే పేలాలని దాన్ని చేశారు. ఆవు కొరికినా పేలుతుంది, మేకల వెనక వెళ్ళిన పిల్లవాడు బంతనుకుని ఎత్తి కొట్టినా పేలుతుంది. పొలంలో దారం చుట్టిన ఉండ గానీ, పిండో పండో పూసిన ఉండ గానీ ఏది కనిపించినా ముట్టుకోకుండా పెద్దవాళ్ళని పిలవాలని పిల్లలకి ఈ వారమే చెప్పండి.

లైసెన్సు లేని తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ భయంతోనే అప్పగించడానికి జంకుతున్నారని నాకు తెలుసు. ఏజెన్సీ పోలీసులు అప్పుడప్పుడూ తుపాకులు తెచ్చి ఇచ్చేయమని పిలుపునిస్తుంటారు, అలాంటి సమయం చూసుకోండి. సర్పంచినో, ఊరి పెద్దనో, తెలిసిన లాయరునో వెంటబెట్టుకుని మాట్లాడండి. మందు దట్టించి ఉన్న తుపాకీని బస్సులోనో ఆటోలోనో స్టేషనుకి మోసుకెళ్ళొద్దు. "నిండుగా ఉంది, మీరే వచ్చి తీసుకోండి" అని చెప్పండి. కొడుకు చేతికిచ్చి పంపడం అసలే వద్దు.

"మరి మా ఇంటిని ఎవరు కాస్తారు?" ఇది న్యాయమైన ప్రశ్న. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగుబంట్లు ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరి ప్రాణం తీసి, ఇంకొందరిని చీల్చేసింది. కొండ కింద ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు అరటి, చెరకు తొక్కేస్తున్నాయి. కానీ ఆలోచించండి. రవ్వల తుపాకీతో ఏనుగుని కొడితే అది చావదు, రేగిపోతుంది. ఎలుగూ అంతే. తెల్లారకముందు, చీకటి పడ్డాక జీడితోటకి ఒంటరిగా వెళ్ళకపోవడం, మాట్లాడుకుంటూ, లైటు వేసుకుంటూ గుంపుగా వెళ్ళడం, పండ్ల తొక్కలు ఇంటి చుట్టూ పోయకపోవడం, అటవీ శాఖ వాళ్ళకి ఫోను చేయడం, ఇవే పనిచేస్తాయి. వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నేరమన్న సంగతి సరేసరి.

దొంగల విషయానికొస్తే, ప్రాణరక్షణ హక్కు చట్టం ఇచ్చింది, భారతీయ న్యాయ సంహితలో ఉంది. అయితే అవసరానికి మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదని అక్కడే రాసి ఉంది. నడిరాత్రి చీకట్లో తలుపు దగ్గర కదిలింది దొంగో, దాహమేసి లేచిన మనవడో మీకెలా తెలుస్తుంది? వీధిలైటు, గట్టి గడియ, మొరిగే కుక్క, 112కి ఫోను, పొరుగువాడి కేక. నా లెక్కలో ఇవే మేలు.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. తాతగారు పోతారు, ఆయన లైసెన్సు తుపాకీ ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. కొడుకులు ఉద్యోగాలకి హైదరాబాదో, బెంగళూరో. ముసలమ్మ ఒక్కతే ఉంటుంది, సంక్రాంతికి మనవలు దిగుతారు. లైసెన్సు ఆయనతోనే పోయింది కనక ఆ తుపాకీని ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. వారసులెవరైనా లైసెన్సు తెచ్చుకుంటే మళ్ళీ తీసుకోవచ్చు. పన్నెండో రోజు అయ్యాక చేయవలసిన పనుల చీటీలో దీన్నీ రాసుకోండి.

అమెరికాలో మనవల దగ్గరికి వెళ్ళే నానమ్మలూ తాతయ్యలూ, అక్కడ 2020 నుంచి పిల్లల, టీనేజర్ల మరణాల్లో తుపాకీదే మొదటి స్థానం. మనవణ్ణి స్నేహితుడింట్లో దింపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసే ఉందా" అని అడగమని కోడలికి చెప్పండి. అక్కడ అది మర్యాద తప్పిన ప్రశ్న కాదు.

ఎంత జాగ్రత్త పడినా ప్రమాదం జరిగితే, ముందు 108కి ఫోను చేయండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి చేత్తో గట్టిగా అదిమి, అంబులెన్సు వచ్చేదాకా వదలకండి. రవ్వల్ని వేళ్ళతో కెలికి తీయకండి. తాగడానికి నీళ్ళు ఇవ్వకండి. పసరు వద్దు, పసుపు వద్దు. నాటు తుపాకీ అయితే "కేసు అవుతుంది" అని భయపడి ఇంట్లోనే దాచి, తెల్లారాక తీసుకెళ్ళే ఇళ్ళు ఉన్నాయి. ఆ రాత్రే బిడ్డ పోతుంది. పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పిచ్చింది, ప్రభుత్వాసుపత్రికైనా ప్రైవేటుకైనా అది వర్తిస్తుంది. డాక్టరుకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. తగిలింది తూటానా రవ్వలా, ఎంత దూరం నుంచి, ఎన్ని గంటలకి అనేవి దాచకండి, చికిత్స వాటి మీదే ఆధారపడి ఉంటుంది.